గట్లు లేని ఊరు: నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో ఒక రోజు

ఇంగ్లండులో పల్లెటూరు చూద్దామని బయలుదేరే మనవాళ్ళు ఎక్కువగా కాట్స్‌వోల్డ్స్ దారి పడతారు. తేనెరంగు రాతి ఇళ్ళ ముందు ఫొటోలు దిగి, వాగు పక్కన ఐస్‌క్రీం తిని, పార్కింగు కోసం పడ్డ అవస్థ చెప్పుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరతారు. నేనూ రెండుసార్లు ఆ పని చేశాను. అయితే మొన్న జూన్‌లో గుంటూరు జిల్లా నుంచి మా నాన్న వచ్చినప్పుడు ఆయనను ఏ ఊరికి తీసుకువెళ్ళాలన్నది పెద్ద ప్రశ్న అయింది. నలభై ఏళ్ళకు పైగా సేద్యం చేసిన మనిషి. లండన్‌లో రాజప్రాసాదం ముందు నిలబెట్టి ఎలా ఉందని అడిగితే, వెనక తోట ఎన్ని ఎకరాలుంటుందని తిరిగి నన్నే అడిగారు. అటువంటి మనిషికి పూలకుండీలు వేలాడే వీధులు చూపించి లాభం లేదనిపించి, నాటింగ్‌హామ్ నుంచి కారులో సుమారు ముప్పావు గంట దూరంలో ఉన్న లాక్స్‌టన్‌కు తీసుకువెళ్ళాను. ఆ ఊరూ, దాని పొలాలూ, అక్కడ సందర్శకులకు ఉన్న ఏర్పాట్లూ ఎలా ఉన్నాయో, ఎవరు వెళ్ళాలో, ఎవరు వెళ్ళకపోయినా నష్టం లేదో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందుగా ఊరి ప్రత్యేకత చెప్పాలి. మధ్యయుగంలో ఇంగ్లండు నడిమి జిల్లాల్లో ఊరంతటికీ కలిపి రెండో మూడో పెద్ద పొలాలు ఉండేవి. ప్రతి రైతుకూ ఆ పొలాలన్నింటిలో అక్కడొక పట్టీ, ఇక్కడొక పట్టీ చొప్పున నేల ఉండేది. మధ్యలో కంచెలు ఉండేవి కావు. ఏ పొలంలో ఏ కారు పంట వేయాలో, ఏది పడావు పెట్టాలో ఊరంతా కలిసి నిర్ణయించుకునేవారు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాల మీద చట్టాలు చేసి ఈ ఉమ్మడి పొలాలను విడగొట్టి, ఎవరి ముక్కకు వారిని కంచె వేసుకోమంది. ఈనాడు రైలు కిటికీలోంచి మనం చూసి మురిసిపోయే ఆ చదరంగపు గళ్ళ వంటి పచ్చని పొలాలూ, వాటి చుట్టూ ముళ్ళపొదల కంచెలూ చాలాచోట్ల ఆ విభజన మిగిల్చినవే. చిన్న రైతు చాలాచోట్ల ఆ దెబ్బకే కూలివాడయ్యాడు. లాక్స్‌టన్‌లో మాత్రం ఆ పని పూర్తి కాలేదు. ఊళ్ళోని ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య ఒప్పందం కుదరకపోవడం ఇందుకు ఒక కారణమని చెబుతారు. ఇద్దరు దొరలు పడకపోవడం వల్ల ఊరికి మేలు జరగడం మన దగ్గర కూడా అరుదైన సంగతే. ఆ విధంగా వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాలు పూర్వమంత విస్తీర్ణంలో కాకపోయినా, పాత పద్ధతిలో, పాత కట్టుబాట్లతో, నేటికీ సాగులో ఉన్నాయి.

ఇంత చదివి వెళ్ళిన నాకు మొదటి అరగంట నిరాశే ఎదురైందని ఒప్పుకోవాలి. పొలం అంచున నిలబడి చూస్తే కనిపించేది ఒక పెద్ద ఏటవాలు గోధుమ చేను, అంతే. పట్టీలు విడివిడిగా తెలుస్తాయనీ, వాటి మధ్య ఏదో ఒక హద్దు కనిపిస్తుందనీ అనుకున్నాను. నాన్న కూడా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఏమ్మా, గట్లేవీ?" అన్నారు. గట్లు లేవు. పట్టీకీ పట్టీకీ మధ్య ఉన్నది ఒక నాగటి చాలు మాత్రమే. కాసేపు ఓపిక పట్టి చూస్తే ఒక పట్టీలో గోధుమ కాస్త ముదురుగానూ, పక్క దానిలో కొంచెం లేతగానూ ఉన్న తేడా తెలుస్తుంది. ఒకచోట ఎరువు ఎక్కువ పడ్డ పచ్చదనం గీత గీసినట్టు ఆగిపోయి, పక్క రైతు నేల మొదలవుతుంది. నాకు అది చూపించింది నాన్నే. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఉంటే ఆ అరగంటలోనే వెనక్కి తిరిగేదాన్ని.

కనుక నా మొదటి సలహా ఏమిటంటే, పొలంలోకి దిగే ముందు సందర్శకుల కేంద్రానికి వెళ్ళాలి. ఊరి నడుమ డవ్‌కోట్ ఇన్ అనే పబ్బు ఉంది. దాని ఆవరణలోనే ఈ చిన్న కేంద్రం ఉంది. టిక్కెట్టు లేదు, గైడు లేడు, హడావిడి లేదు. గోడల మీది పలకలు చదివితే మూడు పొలాల పంట మార్పిడి అర్థమవుతుంది: ఒక పొలంలో శీతకాలపు గోధుమ, రెండవదానిలో వసంతకాలంలో విత్తే పంట, మూడవది విశ్రాంతి. ఆ మూడవ పొలంలో ఇప్పుడు పశుగ్రాసం పెంచుతున్నారు. ఏడాదికొకసారి ఈ వరుస ఒక మెట్టు జరుగుతుంది. కేంద్రం పెద్దదేమీ కాదు. ఇరవై నిమిషాలు చాలు. కాని ఆ ఇరవై నిమిషాలు లేకపోతే బయట ఉన్నది ఉత్త గోధుమ చేనే.

ఒక్కొక్క రైతుకు నేల ఒకేచోట కాకుండా చెదురుమదురుగా ఎందుకుండేది అన్న ప్రశ్నకు నాకు సమాధానం పలకల మీది వివరణ కన్నా నాన్న మాటలోనే త్వరగా దొరికింది. మా తాతగారి ఆస్తి పంచినప్పుడు, వాగు పక్క చేనులో ముగ్గురు అన్నదమ్ములకూ తలా ఒక ముక్క, మెట్ట చేనులో మళ్ళీ తలా ఒక ముక్క వచ్చాయట. మంచి నేలంతా ఒకరికీ, చవుడంతా ఒకరికీ పోకూడదన్నది అందులోని న్యాయం. ఇక్కడి పట్టీల వెనక ఉన్న ఆలోచన కూడా అలాంటిదే. పల్లంలో నీళ్ళు నిలిచినా, మిట్ట ఎండిపోయినా ఏ ఒక్క ఇల్లూ పూర్తిగా మునిగిపోదు. ఈ పద్ధతిలోని చికాకు కూడా నాన్నకు తెలిసినదే: అరక కట్టుకుని ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తిరగాలి. లాక్స్‌టన్‌లో 20వ శతాబ్దం మొదట్లో అప్పటి యజమాని ఎర్ల్ మాన్వర్స్ పట్టీలను కొంత దగ్గరకు చేర్చి, సంఖ్య తగ్గించి, వెడల్పు పెంచాడు. ఇప్పుడు ట్రాక్టరు తిరగగలుగుతున్నదంటే ఆ మార్పు వల్లనే. అంటే మనం చూస్తున్నది 13వ శతాబ్దపు పొలాలను గాజుపెట్టెలో పెట్టినట్టు కాదు. ఈ ఊరు నాకు నచ్చడానికి అదీ ఒక కారణం. ఇక్కడ సేద్యం చేసేవారు వేషగాళ్ళు కారు, కౌలుదార్లు.

దారులన్నీ గడ్డి దారులు. అంతకు ముందురోజు వాన కురిసింది. ఇక్కడి నేల ఎర్రటి బరువైన బంకమన్ను. నాలుగడుగులు వేసేసరికి నా తెల్లని నడక బూట్ల కింద మరో రెండు అంగుళాల అట్ట తయారైంది. నాన్న మాత్రం సంతోషించారు. వంగి చిటికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి, "రంగు వేరు గానీ పట్టు మన రేగడి పట్టే" అన్నారు. తరువాత పొలం పొడుగు చూసి, ఇంత పొడుగు పట్టీలు ఎందుకు పెట్టుకున్నారో ఆయనే ఆలోచించడం మొదలుపెట్టారు. పూర్వం ఇక్కడ బరువు నేలను దున్నడానికి నాగలికి ఎనిమిది ఎద్దుల వరకు కట్టేవారని నేను చెప్పాను. దాంతో ఆయనకు లెక్క తేలిపోయింది. మన జత ఎద్దులు ఉన్నచోటనే తిరుగుతాయి, ఎనిమిది ఎద్దుల బారు తిరగాలంటే చాలా చోటు కావాలి. కనుక ఎంత తక్కువసార్లు తిప్పితే అంత మేలు, చాలు ఎంత పొడుగుంటే అంత సుఖం. ఇంగ్లండులో పాత దుక్కి గుర్తులు మిగిలిన పచ్చిక బయళ్ళలో ఆ చాళ్ళు చాలాచోట్ల తిన్నగా ఉండక, కొసల దగ్గర కాస్త వంపు తిరిగి ఉండడానికి కూడా ఆ ఎద్దుల బారు తిరగడమే కారణమని చరిత్రకారులు చెబుతారు.

ఇక్కడే ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఫర్లాంగు అనే మాట మన పెద్దవాళ్ళ నోట విన్నదే. ఇంగ్లీషులో దాని అసలు అర్థం చాలు పొడవు. కొలతగా అది 220 గజాలు. గొలుసు కొలత 22 గజాలు. ఒక ఫర్లాంగు పొడవూ ఒక గొలుసు వెడల్పూ ఉన్న పట్టీ ఒక ఎకరం. 220ని 22తో గుణిస్తే 4840. హైదరాబాదు చుట్టుపక్కల ప్లాటు కొన్నవారెవరైనా నిద్రలో కూడా చెప్పగల అంకె అది. తెలంగాణలో నలభై గుంటలుగానూ, ఆంధ్రలో నూరు సెంట్లుగానూ మనం విభజించుకునే ఎకరం ఇలాంటి ఎద్దుల దుక్కిలోంచి పుట్టిన కొలత అని తెలిసి ఆ చేను అంచున నిలబడితే, ఒక్కసారి ఆ పొలం మన పాసుపుస్తకంలోకి వచ్చినట్టయింది. ఇది ఏ పలక మీదా రాసి లేదు, రాసి ఉంటే బాగుండేది.

లాక్స్‌టన్‌ను నిలబెట్టింది నేల కాదు, కోర్టు. దాని పేరు కోర్ట్ లీట్. ప్రతి సంవత్సరం నవంబరు చివర, శీతకాలపు గోధుమ విత్తిన పొలాన్ని ఊరి రైతులతో ఏర్పడిన జ్యూరీ కాలినడకన తనిఖీ చేస్తుంది. హద్దులు చెదిరినచోట కొత్తగా చెక్క మేకులు దిగ్గొడతారు. ఎవరైనా దుక్కి దున్నుతూ ఊరుమ్మడి దారినో, వాగు ఒడ్డు గడ్డినో రెండు చాళ్ళ మేర కలుపుకున్నారేమో కొలిచి చూస్తారు. మన భాషలో చెప్పాలంటే డొంకను కలుపుకున్నవాడి పేరు రాసుకుంటారు. ఆ తరువాతి వారం పబ్బులో కోర్టు కూర్చుంటుంది. జ్యూరీ తన పరిశీలనను చదివి వినిపిస్తుంది, తప్పు చేసినవారికి జరిమానా వేస్తుంది, మరుసటి ఏడాదికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది. జరిమానా సొమ్ము స్వల్పమే. అయితే ఆ సొమ్ము కన్నా, అందరి ముందూ పేరు చదవడమే పెద్ద శిక్ష అని ఊరి సంగతి తెలిసినవారు ఎవరైనా ఒప్పుకుంటారు. 1977లో బ్రిటిష్ పార్లమెంటు ఇటువంటి పాత కోర్టుల న్యాయాధికారాలను చాలావరకు తొలగించినా, లాక్స్‌టన్ కోర్టు కూర్చోవడం మాత్రం ఆగలేదు.

మేము జూన్‌లో వెళ్ళాం కనుక కోర్టును చూడలేదు. నాన్న దాన్ని గురించి వింటూ చాలాసేపు మాట్లాడలేదు. మా ఊళ్ళో రెండు కుటుంబాల మధ్య మూరెడు గట్టు కోసం పదహారేళ్ళు కోర్టు నడిచింది. తీర్పు వచ్చేనాటికి వాది లేడు, ప్రతివాదికి చూపు లేదు. కరణం పోయి, పట్వారీ పోయి, సర్వేయరు గొలుసు పోయి ఉపగ్రహాల కొలత వచ్చిన కాలంలో కూడా మన దగ్గర హద్దురాయి అంటే భయమే. ఇక్కడ పక్క పొలం రైతే వచ్చి మేకు కొట్టి వెళతాడు, మరుసటి ఏడు ఇతను వెళ్ళి అతని పొలంలో కొడతాడు. నాలాంటివారికి ఇది చదువుకున్న విషయం, ఆయనకు అది బతుకు.

వాగు వెంబడి, దున్నడానికి వీలుపడని పల్లపు చోట్ల, గడ్డి పట్టీలు వదిలారు. వాటిని సైక్‌లు అంటారు. జూన్‌లో వెళ్ళేవారికి ఈ ఊళ్ళో అన్నిటికన్నా అందమైనవి ఇవే. ఎన్నో తరాలుగా దున్నక వదిలిన గడ్డి కనుక రకరకాల అడవిపూలు పూస్తాయి. అందుకే ప్రకృతి పరిరక్షణ చట్టం కింద వీటికి ప్రత్యేక రక్షణ ఉంది. పూలు పూసి గింజ రాలాక, ఎండాకాలంలో ఈ గడ్డిని పాత వాడుక ప్రకారం వేలం వేసి కోయిస్తారు. మన పంచాయతీ చెరువు గట్ల మీది గడ్డి పాట పెట్టినట్టే. దయచేసి గడ్డిలో నడవకుండా అంచు దారిలోనే నడవండి. మేము చూస్తుండగానే ఒక కుటుంబం ఫొటో కోసం పిల్లలను పూల మధ్యలో కూర్చోబెట్టింది. చూడడానికి మాకే కష్టంగా అనిపించింది.

ఊరి చరిత్రలో మరొక గొప్ప వస్తువు ఊళ్ళో లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఈ ఊరి ప్రతి పట్టీనీ కొలిచి, ఎవరిదేదో రాసి, పెద్ద పటం గీశాడు. అది ఇప్పుడు బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దానికి తోడుగా ఒక రిజిస్టరు కూడా ఉంది. పటాన్నీ రిజిస్టరునీ కలిపి చూస్తే మన టిప్పనూ అడంగలూ పక్కపక్కన పెట్టుకున్నట్టే. పటంలో పొలాల్లో దున్నుతున్నవారినీ, పశువులనూ కూడా బొమ్మలుగా వేశారు. యాజమాన్యం సంగతి క్లుప్తంగా: 1952లో ఎర్ల్ మాన్వర్స్ ఎస్టేటు నుంచి ప్రభుత్వ వ్యవసాయ శాఖ కొన్నది, 1981లో బ్రిటన్ రాచభూములను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్‌కు చేరింది, 2020లో తిరిగి మాన్వర్స్ వంశీకుల థోర్స్‌బీ ఎస్టేటు చేతికి వచ్చింది.

ఊరి వీధి కూడా జాగ్రత్తగా చూడవలసిందే. పొలాలు ఉమ్మడివి కనుక రైతులు పొలంలో ఇల్లు కట్టుకోలేదు. అందరి ఇళ్ళూ ఊళ్ళోనే, వరుసగా ఉన్నాయి. ఎర్ర ఇటుక ఇళ్ళు చాలావరకు వీధికి ముఖం కాక పక్కగోడ చూపిస్తాయి, వెనక దొడ్డి, కొట్టాలు, ట్రాక్టరు ఉంటాయి. ఇంగ్లండులో మిగిలినచోట్ల పొలం నడుమ ఒంటరిగా కనిపించే రైతు ఇంటికి అలవాటుపడిన కంటికి ఇది వింత. మనకు మాత్రం ఊరంటే ఇదే కదా అనిపిస్తుంది. వీధి పక్కనే పిన్‌ఫోల్డ్ అనే చిన్న గోడల ఆవరణ ఒకటి ఉంది. దాని పని ఏమిటో నేను వివరించబోయే లోపలే నాన్న, "బందెలదొడ్డి కదూ" అన్నారు. అవును, అచ్చంగా బందెలదొడ్డే. చేలో పడ్డ పశువును తోలుకొచ్చి ఇందులో కట్టేసి, డబ్బు కట్టించుకుని వదిలేవారు.

సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగ్‌హామ్ వంశీకుల సమాధి శిల్పాల మధ్య ఓక్ కలపతో చెక్కిన ఒక స్త్రీ మూర్తి ఉంది. రాతి బొమ్మలకు అలవాటుపడిన మనకు, పగుళ్ళు వారిన ఆ కర్ర ముఖం వింతగా అనిపిస్తుంది. ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట ఉందని విని రాతిగోడలు ఊహించుకోవద్దు. మిగిలింది పచ్చని గడ్డి కప్పిన ఎత్తైన మట్టి దిబ్బా, దాని చుట్టూ కందకమూ. ఈ కోట ప్రభువులు షెర్‌వుడ్ రాచ అడవికి కాపలాదారులు. దిబ్బ చూడడానికి వెళ్ళే పచ్చికలో గొర్రెలు ఉంటాయి కనుక గేటు మూయడం మరవకూడదు.

భోజనం సంగతి: ఊళ్ళో తినడానికి తగినన్ని హోటళ్ళు ఉంటాయనుకుని రావద్దు. పబ్బులో తినదలిస్తే వంటగది వేళలు ముందుగా ఫోన్‌లో కనుక్కోవడం మంచిది. మేము పులిహోర, పెరుగన్నం తీసుకువెళ్ళి చర్చి బయట బెంచీ మీద కూర్చుని తిన్నాం. తరువాత పబ్బులో టీ తాగాం, కోర్టు కూర్చునేది ఇక్కడే కదా అని నాన్న కుర్చీలన్నీ ఒకసారి కలయజూశారు.

ఈ ప్రయాణంలో పెద్ద లోపం రాకపోకలు. ఊళ్ళో రైలు లేదు. కారు లేనివారు న్యూయార్క్ అని పొరబడకుండా, నెవార్క్ నార్త్‌గేట్ దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి టాక్సీ పట్టుకోవాలి. మా కారు ఆ వారం మరమ్మతులో ఉండడం వల్ల వెళ్ళేటప్పుడు స్నేహితురాలు దించింది, తిరుగు ప్రయాణానికి టాక్సీ మాట్లాడుకున్నాం. చెప్పిన వేళకు అది రాలేదు, ఫోన్ చేస్తే బయలుదేరిందన్నారు, మరో గంటకు బయలుదేరలేదన్నారు. ఊళ్ళో మొబైల్ సిగ్నలు కూడా అంతంత మాత్రమే. అందుచేత తిరుగు ప్రయాణం ఖాయం చేసుకున్నాకే వెళ్ళండి. చక్రాల కుర్చీ వాడేవారికి వీధి వరకు ఇబ్బంది లేదు గాని పొలం దారులు పనికిరావు. పదేళ్ళలోపు పిల్లలకు కోట దిబ్బ తప్ప మరేమీ నచ్చకపోవచ్చు.

కారు ఉంటే చుట్టుపక్కల చూడవలసినవి ఉన్నాయి. ఊరి శివార్లలోనే 1995లో స్మిత్ కుటుంబం స్థాపించిన జాతీయ హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల మారణకాండ) కేంద్రం ఉంది. దాని గులాబీ తోటలో ఒక్కొక్క మొక్క దగ్గర ఒక్కొక్క అంకితం రాసి ఉంటుంది. ఆ తోటకు హడావిడిగా వెళ్ళి రాకూడదు, దానికి వేరే రోజు పెట్టుకోండి. సౌత్‌వెల్‌లో 1824లో కట్టిన పేదల ఆశ్రమ భవనం చూస్తే, ఉమ్మడి నేల పోగొట్టుకున్న తరాల ముసలితనం ఎలా గడిచిందో అర్థమవుతుంది. లాక్స్‌టన్ చూసిన తరువాత దాన్ని చూస్తే కథ పూర్తవుతుంది.

నా లెక్కలో అయిదుకు నాలుగు. ఒక మార్కు తగ్గించింది రాకపోకలకు. పొలంతో ఏ చుట్టరికమూ లేనివారికి రెండున్నర చాలేమో. జూన్‌లో పూల కోసం వెళ్ళవచ్చు. నవంబరులో బురద ఎక్కువైనా, దున్నిన నేల మీద పట్టీలు స్పష్టంగా తెలుస్తాయి కనుక నేను మళ్ళీ వెళితే అప్పుడే వెళతాను.

ఆ రాత్రి నాన్న ఊళ్ళో ఉన్న మా బాబాయికి ఫోన్ చేసి జ్యూరీ సంగతంతా చెప్పారు. అవతల నుంచి బాబాయి ఒకే ఒక ప్రశ్న వేశారు: "ఆ మేకులు కొట్టేవాళ్ళకు కూడా అదే పొలంలో నేలుంటుందా?" ఉంటుందని నాన్న అన్నారు. "అయితే సరే" అని బాబాయి వానల సంగతి ఎత్తుకున్నారు.